తలకాయ, కాళ్ళు, బోటి: నంద్యాల–ఆళ్ళగడ్డ ప్రాంతంలో అవయవ మాంసం, మారుతున్న బాల్య రుచులు

కోసిన జంతువు శరీరంలో కండ, కండ అంటిన ఎముక పోగా ఆహారంగా వాడే మిగిలిన భాగాలను అవయవ మాంసం అంటారు. తల, కాళ్ళు, నాలుక, మెదడు, కార్జం, గుండె, మూత్రపిండాలు, తిత్తులు (ఊపిరితిత్తులు), పొట్ట, పేగులు, రక్తం దీని కిందికి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాల పరిసరాల్లో, కొత్తపల్లె వంటి పల్లెల్లో, గొర్రె, మేకల తలకాయ కూర, కాళ్ళ పులుసు, బోటి కూర, కార్జం వేపుడు, నల్ల (రక్తపు వేపుడు) తరతరాలుగా వండుతున్న వంటలు. ఒకప్పుడు ఇవి పిల్లలు పసితనం నుంచే ఎరిగిన రుచులు. ఇప్పుడు చాలా ఇళ్ళలో పెద్దలు ఇష్టంగా తింటుంటే పిల్లలు పళ్ళెం పక్కకు నెడుతున్నారు. ఈ వంటల నిర్వచనం, చరిత్ర, రకాలు, తయారీ, పోషక విలువలతో పాటు బాల్యంలో రుచులు ఏర్పడే తీరు, అవి మారడానికి కారణాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

నిర్వచనం, పరిధి

అవయవ మాంసాన్ని మూడు వర్గాలుగా చూడవచ్చు. మొదటిది ఘన అవయవాలు: కార్జం, గుండె, మూత్రపిండాలు, ప్లీహం, మెదడు. ఇవి మెత్తగా ఉండి త్వరగా ఉడుకుతాయి. రెండోది జీర్ణావయవాలు: పొట్ట, పేగులు. ఇవి శుద్ధికి, ఉడకడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. మూడోది అంచు భాగాలు: తల, కాళ్ళు, నాలుక, తోక. వీటిలో చర్మం, స్నాయువులు, మృదులాస్థి ఎక్కువ. రక్తం ఈ మూడింటిలోనూ చేరదు, దాన్ని విడిగా చెప్పుకోవాలి. ఎముకలోని మూలుగను కొందరు అవయవ మాంసంలో కలుపుతారు, కొందరు ఎముకతో పాటే లెక్కిస్తారు.

వాడుకలో ఈ మొత్తానికి ఒకే పేరు లేదు. ఇళ్ళలోనూ అంగట్లోనూ ఏ భాగాన్ని ఆ భాగం పేరుతోనే అడుగుతారు. ముఖ్యమైన పేర్లు ఇవి:

- కార్జం: కాలేయం. ఉర్దూ ప్రభావం ఉన్న చోట కలేజీ.
- బోటి: శుభ్రం చేసిన పొట్ట, పేగులు.
- తలకాయ: నాలుక, చెంపలు, చెవులతో కూడిన తల మాంసం.
- కాళ్ళు, పాయా: గిట్టలు తీసి కాల్చిన కాళ్ళు, వాటితో కాచే పులుసు.
- నల్ల: గడ్డకట్టిన రక్తం, దాని వేపుడు.
- భేజా: మెదడు.
- గుర్దా: మూత్రపిండం.
- కందనకాయ: కోడి కండర జఠరం.

రాయలసీమ పల్లెల్లో కండ మాంసాన్ని సియ్యలు అంటారు. సియ్యల కూర, తలకాయ కూర, బోటి కూర వేర్వేరు వంటలు. ఒకే రోజు వండినా ఒకే కుండలో కలపరు.

చరిత్ర

*మధ్యయుగాలు*

దక్కనులో అవయవ మాంసపు వంటలకు పాత లిఖిత ఆధారం మానసోల్లాసం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేరు మీద 12వ శతాబ్దిలో వెలువడిన ఈ సంస్కృత గ్రంథం రాజభోగాలను వివరిస్తూ అన్నభోగం అనే భాగంలో మాంసపు వంటలను చెబుతుంది. కాలేయాన్ని కాల్చడం, పేగుల్లో కూరి వండడం, రక్తంతో వంటకం చేయడం అందులో కనిపిస్తాయి. కాబట్టి అవయవ మాంసం పేదల వంటిళ్ళకే పరిమితమైన ఆహారం కాదు, రాజుల భోజనశాలలోనూ దానికి చోటు ఉండేది.

*గ్రామదేవతల కొలుపులు*

పల్లెల్లో మాంసాహారం చాలాకాలం పండుగలతోనూ మొక్కులతోనూ ముడిపడి ఉంది. సుంకులమ్మ, పెద్దమ్మ, మారెమ్మ వంటి దేవతల కొలుపుల్లో పొట్టేలును కోసినప్పుడు ఏ భాగం ఎవరికి చెందాలో ఊరి ఆనవాయితీ నిర్ణయించేది. తల ఒకరికి, కాలు మరొకరికి, పేగులు ఇంకొకరికి పోయేవి. ఇవి కొలుపులో పని చేసిన వృత్తులవారికి దక్కే హక్కుగా ఉండేవి. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ రాసిన దక్షిణ భారత గ్రామదేవతల గ్రంథం (1916) తెలుగు పల్లెల్లోని బలి ఆచారాలను, ఆ పంపకాలను నమోదు చేసింది. ఆంధ్ర ప్రాంతంలో మతపరమైన జంతు, పక్షి బలులను నిషేధిస్తూ 1950లో చట్టం వచ్చింది. మొక్కు పేరిట బంధువులకు పొట్టేలు విందు పెట్టడం మాత్రం నేటికీ కొనసాగుతోంది.

*నవాబుల ప్రాంతం*

ఈ ప్రాంతపు వంటలో ముస్లిం వంటశాల ముద్ర స్పష్టంగా ఉంది. కర్నూలు నవాబుల పాలన 1839లో బ్రిటిష్ వారి స్వాధీనంతో ముగిసింది. నంద్యాలకు సమీపంలోని బనగానపల్లె సంస్థానం 1948 వరకు నవాబుల చేతిలోనే ఉంది. కాళ్ళతో రాత్రంతా కాచే పాయా, కార్జం వేపుడు, భేజా, గుర్దా వంటి పేర్లు ఈ నేపథ్యంలో వాడుకకు వచ్చాయి. హైదరాబాదులో తెల్లవారుజామున అమ్మే నహారీ, అవయవాలన్నీ కలిపి పుల్లగా వండే చాకనా ఈ కుటుంబానికి చెందినవే. తెలుగు మాతృభాషగా గల దూదేకుల ముస్లింలు రెండు సంప్రదాయాలకూ వారసులు. దర్గాల దగ్గర పొట్టేలు కోసి కందూరు చేసే ఆచారంలో హిందువులూ పాల్గొంటారు.

జంతువు, కోత, పంపకం

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లా నుంచి ఏర్పడింది. తూర్పున నల్లమల, నడుమ కుందూ నది, దాని రెండు వైపులా నల్లరేగడి నేలలు. పంట కోసిన పొలాల్లో, అడవి అంచుల్లో మందలు మేపడం గొల్ల, కురువ కులాలవారి వృత్తి. ఎరువు కోసం రైతులు తమ పొలంలో మంద కట్టించుకుంటారు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 7.4 కోట్ల గొర్రెల్లో 1.9 కోట్లు తెలంగాణలో, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి దేశపు గొర్రెల్లో దాదాపు సగం ఉన్నట్టు. నెల్లూరు జాతి ఈ ప్రాంతంలో ప్రధానమైనది. తెల్లని పల్ల, మొహం మీద నల్ల మచ్చలుండే జోడిపి, ఎర్రని డోర దానిలోని రకాలు. వీటిని మాంసం కోసమే పెంచుతారు.

ఒక పొట్టేలు బతికున్న బరువులో శుభ్రం చేసిన కళేబరం సుమారు సగం ఉంటుంది. మిగిలిన సగంలో తినదగిన అవయవాలు గణనీయమైన భాగం. మాంసం అరుదైన రోజుల్లో వీటిని వదులుకోవడం ఏ ఇంటికీ కుదిరేది కాదు. శీతల పెట్టెలు లేని కాలంలో అవయవాలు త్వరగా పాడయ్యేవి గనుక కోసిన రోజే, లేదా మరునాడే వండేవారు. కండను మాత్రం ఉప్పు పట్టించి తీగల మీద ఎండబెట్టి ఎండు తునకలుగా దాచేవారు.

ఊళ్ళో కొందరు కలిసి ఒక పొట్టేలును కొని కోయించి పోగులు వేసుకోవడం పాత పద్ధతి. ప్రతి పోగులోనూ కండ, ఎముక, కార్జం, బోటి కొద్దికొద్దిగా పడేలా చూస్తారు. తలకాయను, కాళ్ళను విడిగా ధర కట్టి ఒకరికి ఇస్తారు. అందువల్ల పోగు తీసుకున్న ప్రతి ఇంటికీ అన్ని భాగాలూ చేరేవి, అన్నిటినీ వండడం ఆ ఇంటివారికి వచ్చేది. నేటి మాంసపు అంగడిలో కొనేవారు కోరిన భాగాన్ని మాత్రమే తూకం వేయించుకుంటారు. తలకాయ ఒకటిగా, కాళ్ళు నాలుగూ కలిపి ఒక సెట్టుగా అమ్ముతారు.

రకాలు

*తలకాయ కూర*

తలను మంట మీద కాల్చి వెంట్రుకలు పోయేదాకా గీకి, పసుపు రాసి కడిగి ముక్కలు కొడతారు. మెదడును చెదరకుండా వేరుగా తీస్తారు. నాలుక మీది గరుకు పొరను వేడి నీళ్ళలో ముంచి ఒలుస్తారు. చెంప కండ, చెవి మృదులాస్థి, నాలుక ఒకే కూరలో మూడు రకాల మెత్తదనాన్ని ఇస్తాయి. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, చెక్కా లవంగాలు నూరిన మసాలాతో చిక్కగా దించిన ఈ కూరను రాగి సంగటితో, జొన్న రొట్టెతో తింటారు.

*కాళ్ళ పులుసు, పాయా*

కాల్చి గీకిన కాళ్ళను కీళ్ళ దగ్గర విరిచి మిరియాలు, అల్లం, వెల్లుల్లితో గంటల తరబడి సన్న సెగ మీద కాస్తారు. పల్లెల్లో పలుచని కారపు పులుసుగా, ముస్లిం ఇళ్ళలో చిక్కని పాయాగా చేస్తారు. ఎముక విరిగినవారికి, బాలింతలకు, జలుబు చేసినవారికి ఇది మంచిదని నమ్మకం.

*బోటి కూర*

పొట్టను, పేగులను చిన్న ముక్కలుగా కోసి ఉడికించి వేయిస్తారు. రాయలసీమలో ఎండుకొబ్బరి మసాలాతో పొడిపొడిగా దించడం ఎక్కువ. తెలంగాణలో చింతచిగురుతోనో శనగపప్పుతోనో కలిపి వండడం ప్రసిద్ధి. పులుపు బోటి వాసనను తగ్గిస్తుంది.

*కార్జం*

త్వరగా ఉడికే భాగం కనుక కోత రోజున మొదట వండేది ఇదే. ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, మిరియాల పొడితో వేపుడు చేస్తారు. ఉప్పు, కారం రాసి నిప్పుల మీద కాల్చిన కార్జం ముక్కను కూర ఉడికేలోగా పిల్లల చేతికి ఇచ్చేవారు. బక్రీదు రోజున కుర్బానీ తరువాత మొదట కలేజీ వండుకునే ఆచారం ముస్లిం ఇళ్ళలో ఉంది.

*నల్ల*

కోతలో కారే రక్తాన్ని ఉప్పు వేసిన గిన్నెలో పట్టి గడ్డ కట్టనిస్తారు. గడ్డను నీళ్ళలో ఉడికించి చిదిమి, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, కొబ్బరితో వేయిస్తారు. ఇస్లాంలో రక్తం నిషిద్ధం కనుక ముస్లింలు దీన్ని తినరు. బైబిలు బోధనను అనుసరించి క్రైస్తవుల్లోనూ కొందరు మానుకుంటారు.

*మెదడు, ఇతర భాగాలు*

మెదడును పసుపు నీళ్ళలో కొద్దిసేపు ఉడికించి, సన్నని పొరను తీసి మిరియాలతో వేయిస్తారు. గుడ్డు కలిపి పొరటులా చేయడమూ ఉంది. గుండెను, మూత్రపిండాలను కార్జంతో పాటే వేపుతారు. తిత్తులు మెత్తగా, గుల్లగా ఉంటాయి. వాటిని బోటిలో కలిపి వండుతారు. కోడిలో కందనకాయ, కార్జం, గుండె, పెట్ట కడుపులోని పచ్చి సొనలు ఈ కోవలోనివి.

తయారీలోని సూత్రాలు

అవయవ మాంసపు వంటలో సగం పని శుద్ధి. నెమరువేసే జంతువు పొట్టకు నాలుగు గదులు ఉంటాయి. పెద్ద గది లోపలి పొర చిన్న చిన్న మొలకలతో తువ్వాలులా ఉంటుంది. రెండో గదిలో తేనెపట్టు వంటి గళ్ళు, మూడో గదిలో పుటలు పుటలుగా మడతలు ఉంటాయి. నాలుగోది అసలైన జఠరం. ఈ మడతల్లో సగం అరిగిన గడ్డి నిలుస్తుంది. వేడి నీళ్ళలో సున్నం కలిపి ముంచితే నల్లని పొర వదులవుతుంది, అప్పుడు కత్తితో గీకితే తెల్లగా వస్తుంది. పేగులను పుల్ల మీద తిరగేసి లోపలి వైపు ఉప్పు, పసుపుతో రుద్ది పలుమార్లు కడుగుతారు. ఇంట్లో చేస్తే దీనికి పూటంతా పడుతుంది. పట్టణాల్లో ఇప్పుడు అంగడివారే ఈ పని చేసి ఇస్తున్నారు.

వేడి ఒక్కో భాగం మీద ఒక్కో రకంగా పనిచేస్తుంది. కాళ్ళు, తల, పొట్టల్లో కొల్లాజెన్ అనే గట్టి మాంసకృత్తు ఎక్కువ. నీటిలో చాలాసేపు ఉడికితే అది కరిగి జెలటిన్‌గా మారుతుంది. చల్లారిన కాళ్ళ పులుసు గడ్డకట్టడానికి, పెదవులకు జిగురు తగలడానికి ఇదే కారణం. కార్జంలో కొల్లాజెన్ తక్కువ. దాన్ని ఎక్కువసేపు ఉంచితే తేమ పోయి గట్టిపడుతుంది, చేదు పెరుగుతుంది. రక్తంలోని మాంసకృత్తులు గుడ్డు తెల్లసొన మాదిరిగా వేడికి బిగుస్తాయి. అందుకే ఈ వంటలకు ఒకే కొలత, ఒకే సమయం కుదరవు. ప్రెషర్ కుక్కర్ వచ్చాక కాళ్ళు, బోటి ఉడికే సమయం బాగా తగ్గింది.

సామాజిక నేపథ్యం

అవయవ మాంసం విషయంలో కులం, మతం, సంపద మూడూ పాత్ర వహించాయి. బ్రాహ్మణ, వైశ్య కుటుంబాలవారు ఎక్కువగా శాకాహారులు. మాంసం తినే వ్యవసాయ కులాల్లో తలకాయ, కార్జం, బోటి ఎప్పుడూ గౌరవమైన వంటలే, అల్లుడి మర్యాదలోనూ వీటికి చోటు ఉంటుంది. దళిత వాడల్లో పెద్ద పశువుల అవయవ మాంసం ముఖ్య ఆహారం. చచ్చిన పశువును ఊరి నుంచి తొలగించే పనిని కుల వ్యవస్థ వారికి అంటగట్టి, ఆ మాంసాన్నే వారి పాలు చేసి, తిన్నందుకు మళ్ళీ అంటరానివారిగా చూసింది. ఆకలిని, అవమానాన్ని, వాటి మధ్యే పుట్టిన వంట నేర్పును 20వ శతాబ్ది చివరి నుంచి దళిత రచయితలు ఆత్మకథల్లో, కథల్లో నమోదు చేస్తున్నారు. ఏ భాగం శుచి, ఏది అశుచి అనే భావనలు ఈ చరిత్ర నుంచే పిల్లలకు సంక్రమించాయి. బడిలో తోటివారి ముందు ఇంటి కూర పేరు చెప్పడానికి జంకడం దానికి ఒక రూపం. (చూ. దళిత ఆహార సంస్కృతి)

వంటలో లింగ విభజన కూడా ఉంది. కోత, కాల్చడం మగవారి పనులు. బోటి కడగడం, మసాలా నూరడం, వండడం ఆడవారి పనులు. శుద్ధికి పట్టే శ్రమ దాదాపు అంతా ఆడవారిదే కావడం వల్ల, వారు కూలికి, ఉద్యోగానికి బయటికి వెళ్ళడం పెరిగిన కొద్దీ ఇంట్లో ఈ వంటలు తగ్గాయి.

పోషక విలువలు, ఆరోగ్యం

భారతీయ ఆహార పదార్థాల పోషక పట్టికలను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో సవరించి ప్రచురించింది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది. 100 గ్రాముల గొర్రె కార్జంలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, 6–7 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. కండలో ఇనుము దానిలో మూడో వంతు కూడా ఉండదు. పైగా మాంసంలోని ఇనుమును శరీరం ఆకుకూరల్లోని ఇనుము కంటే సులువుగా గ్రహిస్తుంది. ఎ విటమిన్, బి12 విటమిన్ కార్జంలో రోజువారీ అవసరానికి అనేక రెట్లు ఉంటాయి.

వైద్య చరిత్రలోనూ కార్జానికి స్థానం ఉంది. ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతకు కార్జం ఆహారంగా ఇచ్చి నయం చేయవచ్చని చూపినందుకు జార్జ్ విపుల్, జార్జ్ మైనాట్, విలియం మర్ఫీలకు 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో కార్జం సారాల మీద పరిశోధన సాగించారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. నేడు గర్భిణులకు ఇచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రల వెనుక ఈ పరిశోధన ఉంది. (చూ. యల్లాప్రగడ సుబ్బారావు)

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6 నుంచి 59 నెలల వయసు పిల్లల్లో 67.1 శాతం మంది రక్తహీనులు. రక్తహీనతకు కారణాలు అనేకం. అయినా తక్కువ ధరకు ఎక్కువ ఇనుము దొరికే ఆహారాన్ని పిల్లలు వదిలేయడం పట్టించుకోవలసిన విషయం.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కార్జంలో ఎ విటమిన్ అతిగా ఉండడం వల్ల గర్భిణులు తినకపోవడం మంచిదని బ్రిటన్ ఆరోగ్య సేవ సలహా ఇస్తోంది. 100 గ్రాముల మెదడులో కొలెస్టరాల్ 1,300 మిల్లీగ్రాములు దాటుతుంది. అవయవాల్లో ప్యూరిన్లు ఎక్కువ కనుక గౌట్ ఉన్నవారు తగ్గించాలి. గొర్రెల కార్జంలో జలగ పురుగులు, కార్జంలోనూ ఊపిరితిత్తుల్లోనూ హైడాటిడ్ నీటిబుడగలు ఉండవచ్చు. అటువంటి భాగాలను కుక్కలకు వేస్తే హైడాటిడ్ పరాన్నజీవి చక్రం కొనసాగి మనుషులకూ సోకుతుంది. అందుకే కోతకు ముందు, తరువాత పశువైద్యుల పరీక్ష, పనికిరాని భాగాలను పూడ్చడం అవసరం. వధశాలల నియమాలు 2001లో, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చినా చిన్న ఊళ్ళలో కోత ఎక్కువగా ఆరుబయటే సాగుతోంది.

బాల్య రుచులు ఏర్పడే తీరు

పిల్లలకు పుట్టుకతో తీపి మీద ఇష్టం, చేదు మీద అయిష్టం ఉంటాయి. మిగతా రుచులు ఎక్కువగా పరిచయంతో వస్తాయి. గర్భంలో, చనుపాలలో తల్లి తినే ఆహారపు వాసనలు బిడ్డకు చేరతాయని జూలీ మెన్నెల్లా బృందం 2001లో క్యారెట్ రసంతో చేసిన ప్రయోగం చూపింది. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లల్లో కొత్త ఆహారం మీద భయం హెచ్చుగా ఉంటుంది. ఒకే పదార్థాన్ని బలవంతం లేకుండా పదిసార్లకు పైగా రుచి చూపిస్తే ఆ భయం తగ్గుతుందని లీయన్ బర్చ్ పరిశోధనలు తెలిపాయి.

అవయవ మాంసాన్ని పిల్లలు సహజంగానే అసహ్యించుకుంటారన్న భావనకు క్లారా డేవిస్ ప్రయోగం ఆధారం ఇవ్వదు. పాలు మాన్పించిన పసివాళ్ళకు రకరకాల పదార్థాలను చిన్న గిన్నెల్లో విడివిడిగా పెట్టి, తమంతట తామే ఎంచుకోనిచ్చిన ఆ ప్రయోగం ఫలితాలు 1928లో వెలువడ్డాయి. గిన్నెల్లో కార్జం, మూత్రపిండాలు, మెదడు, మూలుగ కూడా ఉన్నాయి. పిల్లలు వాటినీ తిన్నారు, మూలుగను బాగా ఇష్టపడ్డారు. ఏహ్యభావం ఆ తరువాతి వయసులో, చుట్టూ ఉన్నవారిని చూసి బలపడుతుంది. జంతు శరీరాన్ని గుర్తుకు తెచ్చే ఆహారాలే ఏహ్యభావానికి ఎక్కువగా గురవుతాయని పాల్ రోజిన్, ఏప్రిల్ ఫాలన్ 1987లో వివరించారు. కన్ను, పన్ను కనిపించే తలకాయ, పొట్టను గుర్తుచేసే బోటి ఈ వివరణకు సరిపోతాయి. రూపం కనిపించని కైమా వీటికంటే తక్కువ అభ్యంతరంతో చెల్లుతుంది.

పల్లెల్లో పాత ఏర్పాటు ఈ సూత్రాలకు అనుగుణంగానే ఉండేది. పిల్లలు కోతను చూసేవారు, కార్జం ముక్క కోసం పొయ్యి దగ్గర కాచుకునేవారు, మూలుగ ఎముకను పళ్ళెం మీద కొట్టి పీల్చేవారు. మెదడు తింటే తెలివి, కాళ్ళ పులుసు తాగితే బలం అనే మాటలతో పెద్దలు మంచి ముక్కలను వారికే వేసేవారు. ఆ నమ్మకాలకు శాస్త్రాధారం లేకపోయినా, పిల్లలకు ఈ రుచులు ఆదరంతో కలిసి అందేవి.

మార్పుకు కారణాలు

*బ్రాయిలర్ కోడి.* 1971లో బి.వి. రావు స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ వంటి సంస్థలతో కోళ్ళ పరిశ్రమ విస్తరించింది. మాంసం పండుగ నాటి వంట నుంచి వారానికొకసారి, ఆ తరువాత కోరినప్పుడల్లా తినే వంటగా మారింది. ఎముక తక్కువ, వాసన తక్కువ, మెత్తదనం ఎక్కువ గల కోడి మాంసం పిల్లలకు మాంసపు మొదటి రుచి అయింది.

*అంగడి కొనుగోలు.* పోగుల పద్ధతి తగ్గి తూకం పద్ధతి పెరగడంతో ఇంటికి నచ్చిన భాగమే వస్తుంది. ఒక తరం కొనని భాగాన్ని తరువాతి తరం ఎరగదు.

*చదువులు, వలసలు.* నంద్యాల, కర్నూలు, హైదరాబాదు హాస్టళ్ళలో పెరిగే పిల్లలకు ఆ వంటశాలల మాంసం అంటే కోడి కూరే. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది, మాంసం లేదు. బిర్యానీ, నూడుల్స్, వేయించిన చికెన్ వారికి తోటివారితో కలిసి తినే ఆహారాలు.

*ధర.* చవకగా దొరికేది అన్న పేరు కూడా కొంత పోయింది. నగరాల్లో తలకాయ, పాయా, బోటికి హోటళ్ళ గిరాకీ పెరగడంతో వాటి ధర పెరిగింది.

*విదేశీ నివాసం.* అమెరికాలో స్థిరపడిన తెలుగువారు హలాల్ దుకాణాల్లో కాళ్ళు, కార్జం, బోటి కొంటారు. అక్కడ 1971 నుంచి పశువుల ఊపిరితిత్తులను ఆహారంగా అమ్మడం నిషిద్ధం. అక్కడే పుట్టిన పిల్లలకు ఈ వంటలు ఎక్కువగా సెలవుల్లో అమ్మమ్మ, నాయనమ్మల ఇళ్ళలో ఎదురవుతాయి.

పోలిక: బ్రిటన్, అమెరికా అనుభవాలు

బ్రిటన్‌లో ఇదే మార్పు ముందుగా వచ్చింది. ఉల్లిగడ్డలతో వండే పొట్ట, కార్జం–ఉల్లి వేపుడు, మాంసం, మూత్రపిండాలు కూరిన ‘పై’ అనే వంటకం, రక్తంతో చేసే బ్లాక్ పుడ్డింగ్, స్కాట్లాండ్ హాగిస్ అక్కడి సంప్రదాయ వంటలు. గొర్రె గుండె, కార్జం, తిత్తులను ఓట్స్‌తో కలిపి పొట్టలో కూరి ఉడికించేదే హాగిస్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలై 1940 నుంచి 1954 దాకా మాంసానికి రేషన్ ఉన్నా అవయవ మాంసం చాలావరకు దాని బయట ఉండేది. అందువల్ల ఆ తరం పిల్లలు దాన్ని తరచుగా తిన్నారు. ఆ తరువాత కండ మాంసం, కోడి చవకయ్యాయి. 1989లో పిచ్చి ఆవు వ్యాధి కారణంగా పశువుల మెదడు, వెన్నుపాము, ప్లీహం వంటి భాగాలను నిషేధించడంతో అనుమానం బలపడింది. 1994లో లండన్‌లో సెయింట్ జాన్ రెస్టారెంట్‌ను ప్రారంభించినవారిలో ఒకరైన ఫెర్గస్ హెండర్సన్ ముక్కు నుంచి తోక దాకా తినాలనే వాదంతో ఈ వంటలకు మళ్ళీ ఆదరణ తెచ్చారు.

అమెరికాలో యుద్ధకాలంలో కుర్ట్ లెవిన్ జరిపిన అధ్యయనం ఇళ్ళలో మార్పు ఎలా వస్తుందో చూపింది. గుండె, మూత్రపిండాలు వంటివి వండమని గృహిణులకు ఉపన్యాసం ఇస్తే 3 శాతం మంది మాత్రమే వండారు. వేరే బృందాల గృహిణులు తామే కూర్చుని చర్చించుకుని నిర్ణయించుకున్నప్పుడు 32 శాతం మంది వండారు. బోధించినప్పటి కంటే కలిసి నిర్ణయించుకున్నప్పుడే వంటింటి అలవాటు మారిందని ఈ తేడా తెలుపుతుంది.

వర్తమాన స్థితి, ప్రాముఖ్యం

నంద్యాల–ఆళ్ళగడ్డ ప్రాంతంలో ఈ వంటలు అంతరించలేదు, చోటు మార్చుకున్నాయి. ఇంటి వంటగా తగ్గి, 40వ జాతీయ రహదారి వెంట హోటళ్ళలో, పట్టణపు మిలిటరీ హోటళ్ళలో, రాయలసీమ రుచులు అనే పేరుతో నగరాల్లో పెరిగాయి. తలకాయ, బోటి తయారీ చూపే వంట వీడియోలకు పెద్దల్లో ఆదరణ ఉంది. హోటలు వంటలో కారం, నూనె ఎక్కువగా వాడడం వల్ల అది పసిపిల్లలకు తొలి పరిచయంగా పనికిరాదు.

ఈ వంటల ప్రాముఖ్యం మూడు రకాలు. కోసిన జంతువులో ఏదీ వృథా కాకుండా చూడడం ఒకటి. తక్కువ ఖర్చులో ఇనుము, విటమిన్లు అందించడం రెండోది. శుద్ధి, కాల్చడం, మసాలా పాకం వంటి పుస్తకాలకెక్కని నైపుణ్యాన్ని నిలపడం మూడోది. పరిశోధనలు ఒక విషయంలో ఏకీభవిస్తాయి: బాల్యంలో పదేపదే, ఇష్టమైనవారి సమక్షంలో, ఒత్తిడి లేకుండా ఎదురైన రుచి నిలుస్తుంది. కోడి కందనకాయ, మెత్తగా వేపిన కార్జం తేలికగా నమలగలిగేవి, త్వరగా వండగలిగేవి. వాటితో మొదలుపెట్టి ఇంటి వంటలో తరచుగా చిన్న ముక్కలుగా పెట్టడం ఈ సూత్రానికి సరిపోయే పద్ధతి. తినడం, తినకపోవడం ప్రతి కుటుంబపు ఆచారానికి, ఎంపికకు చెందిన విషయం. తినే కుటుంబాల్లో మాత్రం తరువాతి తరానికి ఈ రుచి అందడం బిడ్డకు అయిదారేళ్ళు నిండేలోగా ఇంట్లో ఏమి వండారన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంది.

ఇవి కూడా చూడండి

- రాయలసీమ వంటలు
- నెల్లూరు జాతి గొర్రెలు
- గ్రామదేవతల కొలుపులు
- కందూరు
- బనగానపల్లె సంస్థానం
- దళిత ఆహార సంస్కృతి
- యల్లాప్రగడ సుబ్బారావు
- జాతీయ పోషకాహార సంస్థ
- రక్తహీనత